గడ్డం తొండ స్పౌజ్ కేసు

మాది ఖాళీ గోదాముల పర్యవేక్షణ శాఖ. గోదాములో సరుకుంటే వేరే శాఖ చూసుకుంటుంది, లేకపోతే మేం చూస్తాం. "ఖాళీగా ఉన్నదాంట్లో చూడ్డానికేముందమ్మా?" అని మా అత్తగారు పెళ్ళిచూపుల్లోనే అడిగింది. "ఏమీ లేదని చూసి, ఏమీ లేదని రాయాలండీ" అన్నాను. ఆవిడ అవునవునని తలూపింది. వాళ్ళబ్బాయి దాలినాయుడిదీ అదే శాఖ మరి.

పెళ్ళయ్యాక నన్ను టెక్కలిలో ఉంచి ఆయన్ని మడకశిరలో వేశారు. రాష్ట్రానికి ఈ చివర నేను, ఆ చివర ఆయన. మా పాప మైత్రి ఇప్పుడు అయిదో తరగతి. దానికి నాన్నంటే ఫోనులో వినపడే గొంతు, పండక్కి వచ్చి ప్రయాణబడలికతో పడి నిద్రపోయే మనిషి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగులైతే ఒకే ఊళ్ళో వెయ్యాలని రూలుంది. దాన్ని స్పౌజ్ కేసంటారు. మా స్పౌజ్ కేసు ఫైలు మా పాపకంటే ఆర్నెల్లు చిన్నది. పాపకి నడకా వచ్చింది, పరుగూ వచ్చింది. ఫైలు ఇంకా పాకడం లేదు.

ఇలా ఉండగా మా కమిషనర్ గారు మనశ్శాంతి మీద శిక్షణకి విదేశం వెళ్ళొచ్చారు. వస్తూనే సర్క్యులర్ పంపారు. "సిబ్బందిలో మానసిక ఒత్తిడి ప్రబలుచున్నట్లు గమనించడమైనది. కావున ప్రతి డివిజన్ కార్యాలయము సరీసృపముల పెంపకమును హాబీగా తక్షణము చేపట్టవలెను. హాబీయందు నిర్లక్ష్యము వహించువారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

"సరీసృపాలే ఎందుకండీ?" అనడిగాను మా సూపరింటెండెంట్ కూర్మారావు గారిని.

"ఆలోచించమ్మా. కుక్క మొరుగుతుంది. పిట్ట ఫైళ్ళ మీద రెట్ట వేస్తుంది. చేపకి నీళ్ళు మార్చాలి. సరీసృపం అలా కాదు, వేసినచోట పడుంటుంది. ఎండ తగిలితేగానీ కదలదు. ఎవరైనా వస్తే ఓ కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంటుంది. ఇంతకన్నా ఆదర్శ ఉద్యోగి ఎక్కడ దొరుకుతాడు చెప్పు?"

నిజమే, కూర్మారావు గారిని రోజూ చూస్తూ కూడా నాకు తట్టలేదు.

ఆడవాళ్ళం క్యారేజీలు తినే గదిని హాబీ గది చేశారు. ఆడవాళ్ళకి ఓపికెక్కువని హాబీ సీటు నాకిచ్చారు. మన దేశపు తాబేలో ఉడుమో పెంచితే అటవీ శాఖ వాళ్ళు లోపలేస్తారు కాబట్టి, కాగితాలున్న విదేశీ సరుకు దిగింది. ఒక మచ్చల బల్లి, ఒక మొక్కజొన్న పాము, ఒక గడ్డం తొండ. ఈ తొండ ఆడది. జానెడున్నర పొడవు, మెడ కింద ముళ్ళముళ్ళ గడ్డం, వేడి దీపం కింద రాయి మీద కూర్చుని ఎవరొచ్చినా ముందుకాలు ఎత్తి మెల్లగా ఊపుతుంది, ఆర్టీసీ బస్సు ఆపుతున్నట్టు. మా అటెండరు అప్పలనర్సమ్మ దానికి బంగారి అని పేరు పెట్టింది. ఒత్తిడి తగ్గిందో లేదో తెలీదు గానీ మేం మాత్రం మెట్ల మీద కూర్చుని అన్నాలు తినడం మొదలైంది.

కొన్నాళ్ళకి వివరణ వచ్చింది. "పెంపకము అనగా మేపుట మాత్రమే కాదు. సంతతి వృద్ధి." ప్రతి డివిజనుకీ గుడ్ల లక్ష్యం పెట్టారు. నెలనెలా వీడియోలో సమీక్ష.

"టెక్కలి! గుడ్లెన్ని?" అంది తెర.

మా డివిజనల్ అధికారి త్రిమూర్తులు గారు లేచి నిలబడ్డారు. "పురోగతిలో ఉన్నాయి సార్."

"పురోగతిలో ఉన్న గుడ్లంటే ఏమిటయ్యా?"

"ఇంకా పెట్టలేదు సార్."

దాంతో పెంపకంలోకి తర్వాత ఏ ప్రాణిని చేర్చాలో తేల్చడానికి ఎంపిక సంఘం వేశారు. త్రిమూర్తులు గారు అధ్యక్షులు, కూర్మారావు గారు, ఆడిట్ ఆయన సభ్యులు, టీలు చెప్పడానికి నేను.

"విదేశీ తాబేలు తెద్దాం సార్" అన్నారు కూర్మారావు గారు. "నూరేళ్ళు బతుకుతుంది. మన సర్వీసులో చావదు. చస్తే సంజాయిషీ ఇచ్చుకునేది మన తర్వాతవాళ్ళు."

"దూరదృష్టితో కూడిన సూచన. కాని గుడ్లు?"

"అదీ మన తర్వాతవాళ్ళకే సార్."

త్రిమూర్తులు గారికి ఊసరవెల్లి మీద మనసుంది. ఆడిట్ ఆయన ఒప్పుకోలేదు. "రిజిస్టర్లో ఆకుపచ్చ అని రాస్తాం. తనిఖీ రోజున గోధుమరంగులో ఉంటుంది. ఎవరు జవాబుదారీ?" పోనీ కొండచిలువ హుందాగా ఉంటుంది కదా అన్నారు పెద్దాయన. "అది తక్కినవాటిని మింగితే స్టాకు తేడా వస్తుంది సార్, రికవరీ మన జీతాల్లోంచి." ఎగిరే బల్లి అన్నారు, ప్రయాణ భత్యం సంగతి తేలాలన్నారు. కాళ్ళు లేని బల్లి అన్నారు, అది వికలాంగుల కోటా కిందికొస్తుందా అని మరో గంట తగువులాడుకున్నారు.

మెట్ల మీద నా క్యారేజీ చల్లారిపోతోంది. నాకు ఒళ్ళు మండింది.

"కొత్త ప్రాణి ఎందుకండీ? బంగారి ఒక్కత్తే ఉంది. ఓ మగ తొండని తెచ్చి పడేస్తే అదే గుడ్లు పెడుతుంది కదా!"

"ఏ నిబంధన కింద?" అన్నారు ముగ్గురూ.

"స్పౌజ్ కేసండీ!" అని కసిరాను. వెటకారానికే అన్నాను, ఒట్టు.

త్రిమూర్తులు గారు కళ్ళద్దాలు తీశారు. కూర్మారావు గారు రెండో కన్ను కూడా తెరిచారు.

"నిబంధన ఉందన్నమాట" అన్నారు త్రిమూర్తులు గారు భక్తిగా. "పాఠం ఎవరి దగ్గరుంది?"

నాకు కంఠతా వచ్చు. పదేళ్ళుగా దణ్ణాలకి బదులు అదే చదువుతున్నాను. గడగడా అప్పజెప్పాను. టీలు వచ్చేలోపే తీర్మానం అయిపోయింది.

శాఖ మొత్తంలో ఖాళీగా ఉన్న మగ గడ్డం తొండ ఒకటే. అది మడకశిరలో ఉంది. అక్కడ హాబీ సీటు మా ఆయనది. "వీడికి కోపమొస్తే గడ్డం నల్లబడిపోతోందే హైమా, తలకాయ తెగ ఊపుతున్నాడు, అచ్చం మా డివిజనల్ అధికారే" అని ఫోనులో చెప్తుండేవారు.

మగదాన్ని ఇటు తేవాలా, ఆడదాన్ని అటు పంపాలా అన్నది తర్వాతి చిక్కు. భార్య కోరుకున్న చోటికే అంటుంది రూలు. కోరిక రాతపూర్వకంగా ఉండాలంటుంది. టెక్కలి, మడకశిర అని రెండు కాగితాలు రాసి బంగారి గాజుపెట్టెలో పెట్టాం. అది కాసేపు చెయ్యి ఊపి, నెమ్మదిగా పాక్కుంటూ వెళ్ళి టెక్కలి మీద కూర్చుంది. "ఎట్టి ఒత్తిడి లేకుండా స్వచ్ఛందముగా కూర్చున్నది" అని కూర్మారావు గారు సర్టిఫై చేశారు. వేడి దీపాన్ని ఏ కాగితం మీదికి తిప్పానో నన్నెవరూ అడగలేదు.

వారం తిరక్కుండానే మంజూరైపోయింది. ఆర్డరు చేతిలో పట్టుకుని బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. తొండని చూసి కుళ్ళుకునే రోజొకటి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. మొహం కడుక్కున్నాక ఆర్డరులో చివరి వాక్యం కనపడింది. "సదరు మగ తొండను దాని సంరక్షకుడు స్వయముగా తోడ్కొని వచ్చి, జత కుదిరినట్లు ధ్రువీకరించబడువరకు అచ్చటనే ఉండవలెను."

సంరక్షకుడంటే దాలినాయుడు. ధ్రువీకరించాల్సింది ఇక్కడి హాబీ సీటు. అంటే నేను.

ఆయన వెదురుబుట్ట చంకన పెట్టుకుని దిగారు. అప్పలనర్సమ్మ బుట్టకి ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. "ఏటమ్మా, అల్లుడికి గెడ్డం బాగుంది గానీ మొకం మాత్రం సిడసిడగా ఉంది" అంది. తొండని అంటోందో మా ఆయన్ని అంటోందో నేను తేల్చుకోలేదు.

జత మొదటి సాయంత్రమే కుదిరింది. మగాడు తల ఊపాడు, బంగారి చెయ్యి ఊపింది, అయిపోయింది. కానీ నా వారపు నివేదికలు వేరు. "పరిచయ దశలో ఉన్నవి." "పరస్పర అవగాహన పెంపొందుచున్నది." "ఆడ తొండ అలిగినది, కారణములు పరిశీలనలో." "పరిస్థితి ఆశాజనకము." ఇంట్లో మైత్రికి నాన్న జడలు వెయ్యడం నేర్చుకున్నారు. మొదట్లో ఒక జడ చెవి మీద, ఒకటి మెడ మీద ఉండేవి. దాన్ని స్కూల్లో ఏడిపిస్తే, "మా నాన్న వేశాడు" అని గొప్పగా చెప్పిందట. ఆ రోజులే నేను బతికిన రోజులు, అబద్ధమెందుకు?

బంగారి మాత్రం నా మాట ఎందుకు వింటుంది? ఇసక తవ్వి బోలెడు గుడ్లు పెట్టింది. దాచేద్దామనుకునేలోపు అప్పలనర్సమ్మ ఆఫీసంతా పంచదార పంచేసింది. "మా బంగారి గుడ్లెట్టీసిందమ్మోయ్!"

గుడ్లు పిల్లలయ్యాయి. తెర మీద కమిషనర్ గారు చప్పట్లు కొట్టారు. వెంటనే మరో ఆదేశం. "పుట్టిన సంతతిని సరీసృపములు తక్కువగానున్న డివిజన్లకు వంతులవారీగా పంపిణీ చేయవలెను. తల్లిదండ్రుల అభ్యంతరములు స్వీకరించబడవు." వేలెడేసి పిల్లల్ని చిల్లులు పొడిచిన స్వీట్ డబ్బాల్లో పెట్టి తలో ఊరికీ పంపేశాం. అప్పలనర్సమ్మ మూతలు పెడుతూ ముక్కు చీదుకుంది.

"పెద్ద తొండలు రెండూ?" అనడిగాను ఆశగా.

"స్పౌజ్ కేసు కింద వచ్చినవాటిని అయిదేళ్ళదాకా కదపడానికి వీల్లేదమ్మా" అన్నారు కూర్మారావు గారు. "మీ వారిని మాత్రం ఈ నెలాఖరుకి రిలీవ్ చెయ్యాలి. జత కుదిరింది కదా!"

ఆ రాత్రి మైత్రి వాళ్ళ నాన్న చెప్పులు బియ్యం డబ్బాలో దాచింది. దాని ముందు నేను ఏడవకుండా ఉండడమే గొప్ప.

అదృష్టమో దరిద్రమో, టెక్కలి విజయం చూసి కమిషనర్ గారికి హుషారొచ్చింది. ప్రతి డివిజనూ ఈ ఏడాది ఇంకొక ప్రాణిని చేర్చాలన్నారు. మళ్ళీ ఎంపిక సంఘం కూర్చుంది. కూర్మారావు గారు మళ్ళీ తాబేలు అన్నారు. నేను నా ప్రతిపాదన త్రిమూర్తులు గారి ముందు పెట్టాను. ఆయన పైకే చదివారు.

"మగది. వయసు నలభై ఒకటి. స్థానికముగా లభ్యము. వేడి దీపము అక్కరలేదు. సిబ్బంది తిను ఆహారమే తినును. జతకు ఆడది ఈ కార్యాలయమందే కలదు." ఆయన తలెత్తారు. "జాతి రాయలేదేం?"

"ప్రొఫార్మాలో ఆ గడి లేదండీ."

"కరుస్తుందా?" అన్నారు కూర్మారావు గారు.

"ఇంతవరకూ లేదండీ. ఆకలేస్తే కసురుతుంది."

"చర్మం వదులుతుందా?"

"వేసవిలో భుజాల మీద కొంచెం లేస్తుందండీ."

"పాకాలి కదమ్మా" అన్నారు ఆడిట్ ఆయన.

"ఇరవయ్యేళ్ళ సర్వీసండీ. పాకకుండా ఎలా నెగ్గుకొచ్చి ఉంటుంది?"

ఆడిట్ ఆయన సంతృప్తిగా తలూపి టిక్కు పెట్టేశారు. కూర్మారావు గారు నూరేళ్ళు బతకదేమోనని సందేహిస్తూనే సంతకం చేశారు. వాళ్ళిద్దరూ వెళ్ళాక త్రిమూర్తులు గారు తలుపు దగ్గరగా వేశారు.

"ఇది దాలినాయుడే కదమ్మా?"

నేను తల దించుకున్నాను. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

"మనిషిగా ఇక్కడికి మార్చాలంటే పై నుంచి కింద దాకా ఎంతమంది ఒప్పుకోవాలో నాకే తెలీదు" అన్నారాయన నెమ్మదిగా. "తొండగా అయితే నా సంతకం చాలు." చేసేశారు. కలం మూత పెడుతూ అన్నారు, "ఒక్క జాగ్రత్త. సంతానం గడి ఖాళీగా వదిలెయ్. ఉందని రాశావనుకో, పంపిణీ అంటారు. ఈసారి వంతు మడకశిరది."

ఆ గడి ఖాళీగానే ఉందని రెండుసార్లు చూసుకున్నాను.

దాలినాయుడు సరీసృపం నంబరు అయిదయ్యారు. జీతం మడకశిరలో, మేత ఇక్కడ. హాబీ గదిలో ఓ మూల బల్ల వేసుకుని, మడకశిర గోదాములు ఖాళీగా ఉన్నాయని ఇక్కణ్ణించే రాసేవారు. సోమవారం సోమవారం అప్పలనర్సమ్మ వచ్చి, "బాబూ, ఏటనుకోకండి" అంటూ బరువు చూసేది. "ఎప్పుడైనా సిగ్గేస్తోందా మీకు?" అనడిగాను ఓసారి. "మడకశిర గదిలో ఒక్కణ్ణీ అన్నం వండుకునేటప్పుడు మనిషిననే అనుకునేవాణ్ణా హైమా?" అన్నారు.

మైత్రికి చెప్పాల్సింది చెప్పాను. "ఆఫీసు వాళ్ళెవరైనా ఉంటే నాన్నని నాన్నా అనకూడదు."

"మరేమనాలి?"

"అంకుల్ అను."

"ఎందుకు?"

పదేళ్ళ పిల్లకి ఏం చెప్పను? "అంటే నాన్న ఇక్కడే ఉంటారు" అన్నాను. అది "అంకుల్, అంకుల్" అని రెండుసార్లు అనుకుని చూసింది.

మార్చిలో కమిషనర్ ఆఫీసు నుంచి అదనపు సంచాలకులు తనిఖీకి దిగారు. సన్నగా, సఫారీలో, ప్రతి గాజుపెట్టెనీ గోటితో కొట్టి చూస్తూ వచ్చారు. బంగారి చెయ్యి ఊపింది. ఆయనా ఊపారు. నంబరు అయిదు దగ్గరికొచ్చి ఆగారు. మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఆరోగ్యంగా ఉంది. తిండి?"

"రెండు పూటలా సార్" అన్నారు త్రిమూర్తులు గారు.

"జతపరచి ఎంతకాలమైనది? సంతతి గడి శూన్యముగా నున్నదేమి?" ఆయన నా వైపు తిరిగారు. "తక్కిన జత ఇన్ని గుడ్లు పెట్టగా, ఈ జత యొక్క నిష్క్రియకు సంజాయిషీ ఏమిటి?"

చెవులు భగ్గుమన్నాయి. నోరు మెదిపేలోపు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఒంటిపూట బడి. తాళంచెవి కోసం మైత్రి పరుగెత్తుకుంటూ వచ్చేసింది, భుజాన సంచీతో, నాన్న వేసిన రెండు జడలతో. గుమ్మంలో నాన్నని చూసింది, నోరు తెరిచింది. తర్వాత సఫారీ ఆయన్ని చూసింది.

"ఎవరీ పాప?" అన్నారాయన. పిల్ల మొహంలోకీ, మా ఆయన మొహంలోకీ మార్చి మార్చి చూశారు. ఇద్దరిదీ ఒకటే ముక్కు. ఆయన చెయ్యి కలం మీదికి పోయింది.

పక్కింటి పాప అందామనుకున్నాను, దేవుడి మీద ఒట్టు, నాలుక తిరగలేదు.

మైత్రి సంచీ కింద పెట్టింది. రెండు చేతులూ జోడించింది. "నమస్తే అంకుల్" అంది వాళ్ళ నాన్నతో.

"నమస్తే అమ్మా" అన్నారు మా ఆయన. "ఎవరమ్మాయివి తల్లీ?"

"పక్క వీధి అంకుల్. బంగారిని చూద్దామని వచ్చాను."

అది బంగారి పెట్టె దగ్గరికెళ్ళి చెయ్యి ఊపింది. వెనక్కి తిరిగి చూడలేదు. సంచాలకులు కలం దించి రాశారు. "నంబరు అయిదు, జతతో సహా, ఫలితము చూపలేదు. అయినను సహృదయముతో మరొక సంవత్సరము గడువు ఇవ్వడమైనది."

ఏడాది! త్రిమూర్తులు గారు గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను సంచాలకుల వారికి కొబ్బరిబొండాం తెప్పించాను. ఏం చేస్తాం, ఉద్యోగం.

ఆ పూట ఇంటికెళ్ళాక పప్పుచారు పెట్టాను, దానికిష్టమని అప్పడాలు వేయించాను. ముగ్గురం కింద కూర్చున్నాం. ఆయన దాని కంచంలో నెయ్యి వేశారు.

"చాలు అంకుల్" అంది మైత్రి.

అని, నాలుక కరుచుకుంది. ఆయన నెయ్యి గరిట గిన్నెలో పెట్టేశారు. అది కంచంలోకి చూస్తూ మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. ఆయన ఎడంచేత్తో దాన్ని దగ్గరికి లాక్కుని, "పర్లేదమ్మా, పర్లేదు" అంటూ ఉండిపోయారు. నేను మంచినీళ్ళ మిషతో వంటింట్లోకి వెళ్ళాను, తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు ఇద్దరం కలిసే డ్యూటీకి వెళ్ళాం. పెట్టెలో బంగారీ, దాని మొగుడూ దీపం కింద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. బంగారి మళ్ళీ ఇసక తవ్వింది.